ఒకే పేజీ... వందల వేషాలు!

ఓ వెబ్‌పేజీ తెరిస్తే సముద్రగర్భం. మరో క్లిక్‌కి అదే పేజీలో రోబో ప్రత్యక్షం! ఇన్ని వేషాలు మారినా లోపలి రాత మాత్రం అక్షరం కూడా మారదు. కెనడా డిజైనర్ డేవ్ షే 2003లో మొదలుపెట్టిన ‘సీఎస్ఎస్ జెన్ గార్డెన్’ మహిమ ఇది. ఆయన షరతు ఒక్కటే... పేజీలోని హెచ్‌టీఎంఎల్ జోలికి వెళ్లకూడదు. రంగులూ హంగులూ అన్నీ ‘స్టైల్ షీట్’ అనే వేరే ఫైల్లోనే చూపించాలి. ఇంకేం, ఎక్కడెక్కడి డిజైనర్లో పోటీపడ్డారు. రెండొందలకు పైగా డిజైన్లు ఆ తోటలో చేరాయి.

ఇందులో గొప్పేముందీ అంటారా? అంతకుముందు పేజీలు ఎలా తయారయ్యేవో చూస్తే తెలుస్తుంది. ప్రతి శీర్షికకీ రంగూ సైజూ అక్కడికక్కడే రాయాలి. వరసలు కుదరడానికి టేబుల్లో టేబుల్, దాంట్లో ఇంకో టేబుల్. కాస్త జాగా వదలాలంటే కంటికి కనపడని చుక్కంత బొమ్మ! వంద పేజీల సైట్లో ఎర్ర శీర్షికల్ని నీలంగా మార్చాలంటే వంద పేజీలూ తిరగరాయాల్సిందే. బోర్డు రంగు మార్చడానికి గోడ పగలగొట్టినట్టన్నమాట.

నిజానికి మందు ముందే ఉంది. వెబ్ పుట్టిన సెర్న్‌లోనే పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ 1994లో స్టైల్ షీట్ల ప్రతిపాదన చేశారు. 1996 డిసెంబరులో అది ప్రమాణంగా ఖరారైంది కూడా. కానీ బ్రౌజర్లు తలోరకంగా చూపిస్తుంటే నమ్మేదెవరు? ఏళ్లపాటు టేబుళ్లనే పట్టుకు వేలాడారు.

ఈ గొడవంతా అందం కోసమే కాదు. చూపులేనివారికి స్క్రీన్‌రీడర్ పేజీని చదివి వినిపిస్తుంది. ‘ఇది శీర్షిక’ అని కోడ్‌లో ఉంటే వాళ్లు ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి చకచకా వెళ్లిపోగలరు. అక్షరాల్ని లావుగా చేసి ఊరుకుంటే... చూసేవాళ్లకే అది శీర్షిక, వినేవాళ్లకి మామూలు వాక్యమే.

రాతనీ రూపాన్నీ ముడిపెడితే ఏమవుతుందో తెలుగు పాఠకులకూ అనుభవమే. తొలినాళ్లలో చాలా తెలుగు సైట్లు దేనికది సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు కంప్యూటర్లో లేకపోతే తెరమీద ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం! వెతికినా వార్త దొరికేది కాదు. యూనికోడ్‌లో ‘అ’ ఎప్పుడూ ‘అ’నే, దాని ఒంపుసొంపులే ఫాంటు ఇష్టం. పాత పేజీల్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ ఆ రోజుల్లో పుట్టిందే.