అమెరికా వ్యాపార సందర్శక వీసాకు పునర్దరఖాస్తు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వ్యాపార పనులపై కొద్దికాలం వెళ్ళే విదేశీయులకు ఇచ్చే వీసాను బి-1 వీసా అంటారు. పర్యాటకులకు ఇచ్చేది బి-2. భారతీయులకు సాధారణంగా ఈ రెండింటినీ కలిపి బి-1/బి-2 వీసాగా ఇస్తారు. ఈ వీసా ఒకసారి నిరాకరించబడిన వ్యక్తి మళ్ళీ దరఖాస్తు చేసుకోవడమే పునర్దరఖాస్తు. చాలా సందర్భాలలో నిరాకరణ శాశ్వత నిషేధం కాదు. తరువాత ఏమి చేయవచ్చుననేది ఏ సెక్షన్ క్రింద నిరాకరించారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

వీసా పరిధి

వ్యాపార భాగస్వాములతో సంప్రదింపులు, ఒప్పందాల చర్చలు, సదస్సులకు హాజరు కావడం, ఆస్తి వారసత్వ వ్యవహారాలు పరిష్కరించుకోవడం వంటివి బి-1 పరిధిలోకి వస్తాయి. అమెరికాలో ఉద్యోగం చేయడం రాదు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో 2013 నాటి ఒక కేసు తెలుపుతుంది. బి-1 వీసాల దుర్వినియోగం జరిగిందన్న ఆరోపణలపై ఇన్ఫోసిస్ సంస్థ ఆ సంవత్సరం అమెరికా ప్రభుత్వానికి 3.4 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకొన్నది. ఆరోపణలను మాత్రం సంస్థ అంగీకరించలేదు.

నిరాకరణ రకాలు

1952 నాటి వలస, జాతీయతా చట్టం ప్రకారం నిరాకరణలు ముఖ్యంగా మూడు రకాలు.

* సెక్షన్ 214(బి): అన్నిటికంటే తరచుగా వినిపించేది ఇదే. దరఖాస్తుదారుడు స్థిరపడటానికే వస్తున్నాడని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం అతనిదే. నేర విచారణలో నిందితుడిని ముందుగా నిర్దోషిగా భావిస్తారు. ఇక్కడ పద్ధతి అందుకు భిన్నము. హెచ్-1బి, ఎల్ వీసాలకు ఈ భావన వర్తించదు. చేయదలచిన పని బి-1 పరిధిలోకి రాదని అధికారి భావించినా ఈ సెక్షన్ క్రిందనే నిరాకరిస్తారు.
* సెక్షన్ 221(జి): పత్రాలు చాలకపోయినా, మరింత పరిశీలన అవసరమైనా దీనిని వాడతారు. అడిగిన పత్రాలను ఒక సంవత్సరంలోగా అందజేస్తే కొత్త దరఖాస్తు, కొత్త రుసుము అక్కరలేదు.
* సెక్షన్ 212(ఎ)(6)(సి): వీసా కొరకు మోసం చేసినా, ముఖ్యమైన విషయంలో బుద్ధిపూర్వకంగా అబద్ధం చెప్పినా వర్తిస్తుంది. ఈ అనర్హత జీవితాంతం ఉంటుంది. ప్రత్యేక మినహాయింపు లభిస్తేనే తాత్కాలిక వీసా సాధ్యం.

అప్పీలు

214(బి) నిరాకరణపై అప్పీలు లేదు. కాన్సులర్ అధికారుల వీసా నిర్ణయాలను న్యాయస్థానాలు సాధారణంగా పునఃసమీక్షించవు. ఈ సూత్రాన్ని అమెరికా సుప్రీం కోర్టు 1972లో మాండెల్ కేసులోనూ, 2024లో మున్యోజ్ కేసులోనూ సమర్థించింది. కావున 214(బి) క్రింద నిరాకరించబడినవారికి మిగిలే మార్గం పునర్దరఖాస్తే.

విధానం

మళ్ళీ దరఖాస్తు చేయడానికి చట్టంలో గడువేదీ లేదు. డిఎస్-160 ఫారమును కొత్తగా నింపి, రుసుము మళ్ళీ చెల్లించి, ఇంటర్వ్యూకు హాజరు కావలెను. 2023 జూన్ 17న ఈ రుసుమును 160 నుండి 185 డాలర్లకు పెంచారు. వీసా రాకపోయినా ఇది తిరిగి ఇవ్వబడదు. 2025 సెప్టెంబరు నుండి తాత్కాలిక వీసా కోరేవారు తమ స్వదేశంలో గాని, నివసిస్తున్న దేశంలో గాని ఇంటర్వ్యూకు వెళ్ళాలన్న నియమం వచ్చింది.

హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా రాష్ట్రాలు దీని పరిధిలో ఉన్నాయి.

ఫలితాన్ని మార్చే అంశాలు

కొత్త దరఖాస్తును కొత్తగానే పరిశీలిస్తారు గాని, పాత నిరాకరణ వివరాలు అధికారికి కనిపిస్తాయి. పరిస్థితులలో మార్పు గాని, మొదటిసారి చెప్పని ముఖ్య సమాచారం గాని లేకుండా వెంటనే దరఖాస్తు చేస్తే నిర్ణయం మారే అవకాశం తక్కువ.

ఉదాహరణకు, గుంటూరు మిర్చి ఎగుమతిదారుడొకరు మొదటి ఇంటర్వ్యూలో "వ్యాపార సమావేశం" అని మాత్రమే చెప్పి నిరాకరించబడ్డారనుకొందాం. ఏ కొనుగోలుదారుని, ఏ ఊరిలో, ఎన్ని రోజులు కలుస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, తిరిగి వచ్చి నడపవలసిన వ్యాపారం ఏ పాటిది అన్నవి రెండవసారి స్పష్టంగా చెప్పగలగాలి. ఆర్డర్లకు సంబంధించిన ఉత్తరాలు, పన్ను రిటర్నులు వెంట ఉంచుకోవడం మంచిది. అయితే ఇంటర్వ్యూ కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. పత్రాలను చూడకుండానే అధికారి నిర్ణయం తీసుకోవచ్చు. అందువలన నోటితో చెప్పే సమాధానాలు కీలకం. ఆహ్వాన లేఖ ఒక్కటే వీసాకు హామీ కాదు.

పాత నిరాకరణను దాచడం

గతంలో వీసా నిరాకరించబడిందా అని డిఎస్-160 సూటిగా అడుగుతుంది. "అవును" అని వ్రాసినంత మాత్రాన వీసా రాకుండా పోదు. "లేదు" అని అబద్ధం వ్రాస్తే, సరిదిద్దుకోదగిన 214(బి) నిరాకరణ కాస్తా 212(ఎ)(6)(సి) క్రింద జీవితకాల అనర్హతగా మారే ప్రమాదముంది. ఫారమును ఏజెంటు నింపినా, అందులోని వివరాలకు బాధ్యత దరఖాస్తుదారునిదే.

వీసా లభించిన తరువాత

వీసా అమెరికా సరిహద్దు వరకు ప్రయాణించి ప్రవేశం కోరడానికి అనుమతి మాత్రమే. ప్రవేశాన్నీ, ఉండవలసిన గడువునూ విమానాశ్రయంలోని సరిహద్దు అధికారులు నిర్ణయిస్తారు. భారతీయులకు వీసా పదేళ్ళకు ఇచ్చినా, ప్రతి రాకలోనూ ఈ గడువును పాటించవలెను.