పాత లారీ, చమురు ముల్లు
సంఘపు పాత లారీ ముల్లు దిగెనని కొందరు సభ్యులు ఊరక బెదరుచున్నారు. చల్లని ఇంజనులో చమురు చిక్కగా నుండుటచే ముల్లెక్కును. కాగిన పిదప పలుచనై దిగును. ఇది రోగము గాదు. కాగిన ఇంజను నిమిషమునకు వేయి చుట్లు తిరుగునపుడు చదరపు అంగుళమునకు సుమారు 10 పౌనులు చూపిన చాలునని మేస్త్రీల మోటులెక్క. సున్నకు దిగినచో మాత్రము, బండిలో ధాన్యమున్నను సరే, ఇంజను నాపి కడ్డీతో చమురు కొలువవలయును. కొలత సరిగా నున్నచో మంచి గేజి బిగించి చూచినగాని దోషము గేజిదో పంపుదో తెలియదు. చిక్కని చమురు పోసి ముల్లు లేపువారు గలరు. అరిగిన బేరింగు దానిచే బాగుపడదు.

కారుచున్న చమురు జారి వెనుకకు పోవును గనుక, ఇంజను తుడిచి కొంత నడిపి, అన్నిటికంటె పైన తడిసిన చోటు వెదకుడు. తరచుగా అది పైమూత గాస్కెట్టే, స్వల్పవ్యయము. కారుటచే ముల్లు వెంటనే దిగదు. చాంబరులో చమురు తరిగి పంపు గాలి పీల్చినపుడే దిగును. అప్పటికి బేరింగులు కాలుచుండును.