గర్భిణీ స్త్రీలును మద్యమును : చిట్టెలుకలవలన తెలిసిన సంగతులు

గత సంవత్సరము మన పాఠశాలలో తలిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట, ఉదయగిరి ప్రాంతపు పల్లెనుండి వచ్చిన యొక తల్లి నాయొద్ద నిలిచి, కొంత సంకోచముతో నిట్లడిగినది. "అయ్యవారూ, మీరు సైన్సు చెప్తారు గదా. మా పెద్దమ్మాయికి ఏడో నెల. ఒళ్ళునొప్పులకు రాత్రిపూట రవ్వంత బ్రాంది పుచ్చుకుంటే నిద్ర పడుతుందని మా అత్త అంటుంది. కాన్పయినాక బాలింతకు కూడా పట్టాలంట. కొంచెమైతే ఏం కాదు గదా?" వలదని వెంటనే చెప్పితిని. ఎందుకు వలదని యామె మరల నడుగగా, "మంచిది కాదమ్మా" యనుటకంటె నెక్కువ నాకు తోచలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, ఇన్నేండ్లుగా పిల్లలకు ప్రతిదానికిని కారణమడుగుట నేర్పుచున్న నాకు అది సిగ్గు కలిగించినది. పిదప చదివి తెలిసికొన్న సంగతులను ఇచట వ్రాయుచున్నాను.

మన జిల్లా పశ్చిమ భాగమునకు త్రాగుడు క్రొత్తది కాదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టపల్లెలలో కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా ప్యాకెట్ల పాలగుట నా బాల్యమున నేను కన్నులార చూచినదే. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు, 1991వ సంవత్సరపు అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిబడులకు పోయి, అక్షరములతో పాటు తమ కష్టమునకు మూలమెద్దియో గుర్తించి, సారా దుకాణమును మూయించిరి. ఆ యూరి రోశమ్మగారి పేరు దేశమంతటను వినబడినది. ఆ యుద్యమ ఫలముగా 1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాయందును, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది.

ఆ తల్లులు చెప్పినది ఆకలి, దెబ్బలు, అప్పులు. కడుపులోని బిడ్డ మాట అంతగా వినబడలేదు. మన జిల్లాలో త్రాగువారు పురుషులే గదా యని యెవరైన అనవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున మద్యము పుచ్చుకొను స్త్రీలు నూటికి ఒక్కరికంటె తక్కువ. కల్లు ఇంటింటి పానీయముగా నున్న తెలంగాణమున నూటికి దాదాపు ఏడుగురు. అయితే ఔషధమను పేర గ్లాసులో పోసినది త్రాగుట క్రింద ఎందరు లెక్క చెప్పుదురు? ఆ యవ్వ తన కోడలికిగాని మనుమరాలికిగాని త్రాగుడు నేర్పుచున్నానని తలపోయునా?

అసలు చిక్కు ఇచ్చట నున్నది. త్రాగుడున్న ఇంట బిడ్డ బలహీనుడై, మందబుద్ధియై పుట్టెననుకొందము. దానికి మద్యమే కారణమని ఎట్లు చెప్పగలము? ఆ ఇంట ఆకలి కలదు, తల్లికి రక్తహీనత కలదు, వంశలక్షణము ఉండవచ్చును, పుట్టిన పిమ్మట బిడ్డను చూచుకొను దిక్కు లేకపోవచ్చును. 1899లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ చెరసాల వైద్యుడు విలియం సల్లివన్ ఈ ప్రశ్ననే ఎదుర్కొనెను. త్రాగుబోతులైన 120 మంది స్త్రీలకు కలిగిన 600 మంది బిడ్డలలో సగమునకు మించి మృతశిశువులుగా పుట్టుటయో, రెండేండ్లు నిండకముందే చనిపోవుటయో జరిగినదని ఆయన కనుగొనెను. ఆ స్త్రీల బంధువులలో త్రాగనివారి బిడ్డలయందు ఈ నష్టము నాల్గవవంతుకంటె తక్కువ. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి: మునుపటి బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి, గర్భకాలమున చెరసాలలో నుండి మద్యము దొరకక గడపినప్పుడు, ఆ కానుపున బిడ్డ బ్రదికిన సందర్భములు కలవు. చెరసాల కూడు విందుభోజనము కాదు. అయినను బిడ్డ దక్కెను.

ఆయన మాట చాలకాలము మరుగునపడెను. 1968లో ఫ్రాన్సునందు పాల్ లెమ్వాన్ అను వైద్యుడు త్రాగుడుగల తల్లుల బిడ్డలను 127 మందిని పరీక్షించి వ్రాసెను. 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ గార్లు అట్టి బిడ్డల పోలికలను వర్ణించి, ఆ వ్యాధికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరిడిరి. చిన్న తల, చిన్న కన్నులు, పలుచని పై పెదవి, ముక్కు క్రింద నుండవలసిన గాడి చదునైపోవుట, ఎదుగుదల తగ్గుట, బుద్ధిమాంద్యము - ఇవి దాని గురుతులు. అయినను పేదరికమా, మద్యమా యను సంశయము పూర్తిగా తీరలేదు. గర్భిణులకు మద్యము పోసి పరీక్షించుట మహాపాపము. కావున శాస్త్రజ్ఞులు చిట్టెలుకలను ఆశ్రయించిరి.

చిట్టెలుకకు గర్భకాలము పందొమ్మిది ఇరువది దినములు మాత్రమే. తరతరములుగా అన్నచెల్లెండ్రనే జతపరచి పెంచిన జాతులలో ప్రతి ఎలుకయు తక్కినదానికి కవల వంటిది. కాబట్టి వంశభేదమను వాదము నిలువదు. ఆకలి సంగతి తేల్చుటకు పన్నిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ఒక గుంపు తల్లులకు మద్యము కలిసిన ద్రవాహారము నిత్తురు. మద్యము పుచ్చుకొన్న ఎలుక తక్కువ తినును. అది ఎంత తినెనో కొలిచి, రెండవ గుంపునకు సరిగా అంతే ఆహారము పెట్టి, మద్యమునకు బదులు అంతే శక్తినిచ్చు చక్కెర కలుపుదురు. ఇప్పుడు ఆకలి ఇరువురకు సమానము, భేదము మద్యమొక్కటే. పుట్టిన పిల్లలను మద్యమెరుగని పెంపుడు తల్లికడ విడిచి పాలిప్పింతురు. అప్పుడు పెంపకములోని లోపమను సాకును పోవును. దూబగుంట ఇండ్లలో ఒకదానితో నొకటి ముడిపడియున్న కష్టములను ఈ పరీక్ష ఒక్కొక్క పోగుగా విడదీసినది. అట్లు విడదీసినను మద్యపు గుంపు పిల్లలయందు లోపములు కనబడెను.

1981లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున కేథలీన్ సులిక్ గారును ఆమె సహచరులును గర్భము యొక్క ఏడవ దినమున తల్లి ఎలుకలకు నాలుగు గంటల యెడముతో రెండు మారులు మద్యమెక్కించిరి. అంతే, మరల నీయలేదు. ఆ పిండముల ముఖములు సియాటిల్ వైద్యులు వర్ణించిన బిడ్డల ముఖములను పోలియుండెను. చిట్టెలుకకు ఏడవ దినమనగా మానవ శిశువునకు సుమారు మూడవ వారము. అప్పటికి తాను గర్భవతినన్న సంగతి తల్లికే తెలియకపోవచ్చును.

ఇది ఎట్లు జరుగును? మద్యపు అణువు మిక్కిలి చిన్నది. నీటను క్రొవ్వునను కరగునది. మావి దానిని అడ్డగింపలేదు. స్వల్పకాలములోనే తల్లి రక్తమునందెంత గాఢత కలదో బిడ్డ రక్తమునందును అంతయే యగును. తల్లి కాలేయము దానిని విరిచివేయగలదు. బిడ్డ కాలేయమునకు ఆ శక్తి లేదనదగినంత కొంచెము. ఉమ్మనీటిలో చేరిన మద్యము అచ్చటనే నిలిచి, బిడ్డ దానినే మరల మ్రింగును. ముఖమును నిర్మింపవలసిన కణములు ఆ సమయమున చచ్చిపోవును. పిమ్మట గోడ కట్టుటకు ఇటుకలు చాలవు.

ముఖము ఏర్పడిన పిమ్మట ప్రమాదము తొలగెననుకొనరాదు. మెదడు గర్భకాలమంతయు పెరుగుచునే యుండును. ఎలుక పిల్లలు అపక్వముగా పుట్టును. వాటి మెదడు పుట్టిన పిమ్మటి తొలి దినములలో పొందు పెరుగుదల, మానవ శిశువు కడపటి మూడు నెలలలో కడుపుననే పొందును. ఏడు దినముల ఎలుక పిల్లలకు మద్యమిచ్చిన, మెదడునందు నరకణములు అసంఖ్యాకముగా నశించునని ఓల్నీ మున్నగువారు 2000లో ప్రకటించిరి. ఏడవ నెల గర్భిణి గురించి ఆ తల్లి యడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. ఎంతవరకు ఫరవాలేదో హద్దు గీయగలిగినవారు లేరు. కావున వైద్యులు ఒక్క చుక్కయు వలదందురు.

"మా పక్కింటామె త్రాగినది, బిడ్డ రాయివలె నున్నాడు" అని కొందరందురు. నిజమే కావచ్చును. ఒకే కానుపున పుట్టిన చిట్టెలుక పిల్లలలోనే ఒకటి వికృతమై, దాని తోబుట్టువు నిక్షేపముగా నుండుట శాస్త్రజ్ఞులు చూచియున్నారు. ఎలుకకు మనుష్యునకు భేదము కలదు. ఎలుకలకిచ్చిన మోతాదులును తరచు పెద్దవి. అయినను బ్రదికి బట్టకట్టిన పక్కింటి బిడ్డ సాక్ష్యము మోతాదునకు హామీ కాజాలదు. న్యాయాధిపతుల గ్రంథమున సమ్సోను తల్లికి గర్భకాలమున మద్యము నిషేధింపబడుట మన విద్యార్థులెరుగుదురు. అది వ్రతమునకు సంబంధించిన యాజ్ఞ. దానిని వైద్యశాస్త్రముగా నేను వాదింపను.

తండ్రుల సంగతియు చెప్పక విడువరాదు. టెక్సాసునందు మైకేల్ గోల్డింగ్ గారి ప్రయోగశాలలో జతకట్టుటకు ముందు మగ చిట్టెలుకలకు మాత్రమే మద్యమిచ్చినను, వాటి సంతానపు ముఖనిర్మాణమునందు మార్పులు కనబడెను. మానవులయందు ఇది ఇంకను స్థిరపడలేదు. తల్లులనే నిందించుటకు అలవాటుపడిన మనము దీనిని గమనింపవలసియున్నది.

నేను లెక్కలును చెప్పువాడను. గర్భమున మద్యము సోకిన బిడ్డలకు లెక్కలయందును, చెప్పినది జ్ఞాపకముంచుకొనుటయందును విశేషమైన కష్టమని చదివినప్పుడు, ఎక్కములు రాలేదని నేను ఎండలో నిలువబెట్టిన యొక బాలుడు జ్ఞాపకమునకు వచ్చెను. వాని మాంద్యమునకు కారణమేమో నాకు తెలియదు. ఆ దినమున తెలిసికొనగోరనైతిని. ఇల్లినాయిలోని గ్రీనో, క్లింట్సోవా గార్లు ప్రకటించిన పరీక్షయందు, పసితనమున మద్యము సోకిన ఎలుకలకు త్రాళ్లు, కట్టెలు మొదలగు కష్టమైన దారులపై క్రమముగా నడక నేర్పగా, వాటి చిన్నమెదడునందు నరముల సంధులు వృద్ధియయ్యెను. నష్టము పూర్తిగా తీరినదని కాదు. నేర్పుట వ్యర్థము కాలేదు.

ఈ సంగతులు పోగుచేసికొని ఆ తల్లి పల్లెకు నేనే పోయితిని. కుమార్తె మొదటి నెలలలో రెండు మూడు పర్యాయములు పుచ్చుకొన్నదట. తల్లి ముఖము వెలవెలబోయినది. జరిగినదానిని త్రిప్పలేమనియు, నేడు మానినను మిగిలిన నెలల పెరుగుదలకు మేలే యనియు, చెరసాల తల్లుల కథ చెప్పితిని. బాలింత సంగతి అవ్వయే యడిగినది. మద్యము పాలలోనికి రక్తమునందున్నంత గాఢతతోనే చేరునని చెప్పగా, ఆమె కొంతసేపూరకుండి, "అయితే నొప్పులకేం చెయ్యమంటావు నాయనా?" అన్నది. దానికి మాత్రము నావద్ద శాస్త్రము లేదు. వేడినీళ్ల కాపడము పెట్టుడనియు, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయి చూపుడనియు చెప్పి బస్సు వేళకు లేచితిని.