అమ్మ చీర బొంతే కొండంత అండ!
అంగన్‌వాడీకి వెళ్లే చిన్నారులకు పాత గుడ్డే తోడు.. బలవంతంగా లాక్కోవద్దు

నాందేడ్: పొద్దున్నే అంగన్‌వాడీకి తయారుచేసేసరికి ఇంట్లో లొల్లి మొదలు. ‘నా బొంతేది? అది లేంది నేను పోను’ అంటూ మారాం. బొమ్మలిచ్చినా వద్దు, బిస్కెట్లు ఇచ్చినా వద్దు. అమ్మ పాత చీరతో కుట్టిన ఆ మాసిన బొంత ముక్కే కావాలి. ‘గింత పెద్దగైనవ్, ఇంకా గా గుడ్డేందే?’ అని నానమ్మ కసురుకుంటుంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల తెలుగు ఇళ్లకు ఈ లొల్లి కొత్తేమీ కాదు.

మరాఠీలో గోధడి అన్నా, మన దగ్గర బొంత అన్నా ఒకటే. పాత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుడతారు. అందులో అమ్మ వాసన ఉంటుంది. పసివాడికి కావలసిందీ అదే.

ఎందుకంత మమకారం?
అమ్మ వేరు, తాను వేరు అని బిడ్డ తెలుసుకునే దశలో ఇలాంటి వస్తువు వంతెనలా పనిచేస్తుందని బ్రిటన్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో అచ్చయిన వ్యాసంలో వివరించారు. ఉతికితే వాసన పోయి, బిడ్డకు దాని విలువే పోవచ్చన్నారు. అమెరికా శాస్త్రవేత్త హ్యారీ హార్లో 1958లో కోతిపిల్లల ముందు రెండు ‘తల్లుల’ను పెట్టారు. ఒకటి తీగలతో, మరొకటి మెత్తని గుడ్డతో చేసింది. పాలు తీగల తల్లి దగ్గర దొరికినా, పిల్లలు ఎక్కువసేపు గుడ్డ తల్లినే కరచుకొని ఉన్నాయి. ఆకలి ఒక్కటే కాదు, స్పర్శ కూడా అవసరమేనని తేలింది.

అయితే ఇలాంటి వస్తువు లేని పిల్లల్లో లోపమున్నట్లు కాదు. అమ్మ పక్కలోనే పడుకునే పిల్లలకు దాని అవసరం తక్కువగా ఉండొచ్చు.

ఇంట్లో తెలుగు.. బడిలో మరాఠీ
సరిహద్దు చిన్నారికి మరో పరీక్ష ఉంది. అంగన్‌వాడీ తాయి ‘ఇకడే యే’ అని ప్రేమగా పిలిచినా, ఇంట్లో తెలుగే విన్న బిడ్డ బిక్కమొహం వేస్తుంది. మనిషి కొత్త, మాట కొత్త. ఆ వేళ చేతిలో ఉన్న పాత గుడ్డ ఒక్కటే ఎరిగినది. దాన్నీ లాక్కుంటే భయం రెట్టింపవుతుంది. సంచిలో పెట్టి పంపడం, ‘బొంత’ అంటే గోధడి అని తాయికి ఒక మాట చెప్పడం మేలు.

ఇవి మరవొద్దు
* ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేచోట వదులు గుడ్డలు, దిండ్లు, మెత్తని బొమ్మలు ఉంచరాదు. ఊపిరాడని ప్రమాదముంది.
* మెడకు చుట్టుకునే పొడవాటి పీలికలు, ఊడివచ్చే గుండీలు లేకుండా చూడాలి.
* ఒకే రకం ముక్కలు రెండు ఉంచుకుంటే, ఒకటి ఉతికినా మరొకటి చేతిలో ఉంటుంది.
* ఎగతాళి చేయొద్దు, దాచేయొద్దు. గుడ్డ ఉన్నా బిడ్డ ఎవరితోనూ కలవకపోతే, మాట రాకపోతే డాక్టరుకు చూపించాలి.

ఆటలో పడ్డ బిడ్డ ఏదో ఒకనాడు బొంతను తనంతట తానే మరచిపోతుంది. అప్పుడు ఆ ముక్క పారేసేదేమీ ఉండదు. వచ్చే తమ్ముడికో చెల్లికో కుట్టే కొత్త బొంతలో ఓ పొరగా చేరిపోతుంది.