మీకు తెలుసా? గాజుతొట్టెలో వెన్నెల

సముద్రఘోష యెన్నడును వినబడని మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములయందైనను, లీటరు శుద్ధజలమునకు సుమారు 35 గ్రాముల లవణమిశ్రమము కలిపి పగడపు జీవులను పెంచదలచువారు, తొట్టెపై రాత్రివేళ వెలుగు మసకదీపము కేవలము నేత్రానందమునకే యని తలపరాదు.

ఆస్ట్రేలియా తీరమందలి గ్రేట్ బారియర్ రీఫ్ పగడములలో అనేకజాతులు, పూర్ణిమ గడచిన కొన్నినాళ్లకు, చీకటిపడిన పిమ్మట, ఒక్కుమ్మడిగా అండశుక్రములను నీట విడుచునని 1980ల ఆరంభమున పరిశోధకులు గ్రహించిరి. కన్నులులేని యీ జీవులకు వెలుతురును గుర్తించు క్రిప్టోక్రోములను మాంసకృత్తులు కలవని 2007లో వెల్లడియయ్యెను. లండనులోని హార్నిమన్ మ్యూజియమువారు చంద్రుని వృద్ధిక్షయములను, ఋతుభేదములను కృత్రిమముగా కల్పించి, తొట్టెలలోనే పగడములు సంతానోత్పత్తి చేయునట్లు సాధించిరి.

అయితే నిండువెన్నెల సూర్యకాంతిలో రమారమి నాలుగు లక్షలవ వంతు మాత్రమే. అది నీలవర్ణమును కాదు, మసకలో మన కన్నులకట్లు తోచునంతే. కావున మిరుమిట్లుగొలుపు నీలిదీపమును తెల్లవార్లును వెలిగించుట వెన్నెల యనిపించుకొనదు. మన పంచాంగము చూచి, శుక్లపక్షమున దీపమును క్రమముగా హెచ్చించి, కృష్ణపక్షమున తగ్గించి, అమావాస్యనాడు ఆర్పివేయుట మేలు. అన్నట్లు, గట్టి పగడములను మన సముద్రములనుండి పెకలించి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.