వెబ్‌కు జ్ఞాపకం ఇచ్చిన చీటీ

1994 నాటి వెబ్‌లో దుకాణం తెరవడం చాలా కష్టమైన పని. ఒక పుస్తకం ఎంచుకుని, ఇంకోటి చూద్దామని మరో పేజీలోకి వెళ్లేసరికి మొదటి పుస్తకం సంగతి సర్వరుకు గుర్తుండేది కాదు. అసలు అడిగిన మనిషే గుర్తుండేవాడు కాదు. మీరు పది పేజీలు తెరిస్తే సర్వరు లెక్కలో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని పది అభ్యర్థనలు, అంతే.

వెబ్‌ను కావాలనే అలా కట్టారు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో తన ప్రతిపాదన రాసినప్పుడు ఆయన ముందున్న సమస్య శాస్త్రవేత్తల పత్రాలను ఒకదానికొకటి ముడివేయడం. బ్రౌజరు ఒక పత్రం అడుగుతుంది, సర్వరు ఇస్తుంది, అక్కడితో సంబంధం తెగిపోతుంది. హెచ్‌టీటీపీ అనే ఆ పద్ధతిలో సర్వరు ఎవరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టి, చిన్న యంత్రం కూడా ఎంతోమందికి పేజీలు అందించగలిగేది. మధ్యలో యంత్రం ఆగి మళ్లీ మొదలైనా ఎవరి పనీ చెడేది కాదు. వెబ్ అంత వేగంగా ప్రపంచమంతా పాకడానికి ఈ మతిమరుపు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. చదువుకునేవాళ్లకు అది చక్కగా సరిపోయింది, బేరం చేసేవాళ్లకే కుదరలేదు.

ఆ బేరం సంగతి తేల్చాల్సిన బాధ్యత లూ మోంటుల్లి అనే యువ ఇంజనీరు మీద పడింది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే, అక్షరాలు మాత్రమే చూపించే లింక్స్ అనే బ్రౌజరును తయారు చేసినవారిలో ఆయన ఒకరు. 1994 ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్, మార్క్ ఆండ్రీసెన్ కలిసి కాలిఫోర్నియాలో ఒక కంపెనీ పెట్టారు. తర్వాత నెట్‌స్కేప్‌గా పేరుపడ్డ ఆ కంపెనీలో తొలి ఉద్యోగుల్లో మోంటుల్లి కూడా ఉన్నారు. వాళ్ల ఖాతాదారు అయిన ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ వెబ్‌లో అమ్మకాలు మొదలుపెట్టాలనుకుంది. కానీ సగంలో ఆగిన కొనుగోళ్ల వివరాలన్నీ తన సర్వర్లలో దాచుకోవడం దానికి ఇష్టం లేదు. ఆ వివరాలను కొనేవాళ్ల కంప్యూటరులోనే ఉంచే మార్గం ఏదైనా ఉందా అని అడిగింది.

దారులు లేకపోలేదు. పేజీ చిరునామా చివర ఒక గుర్తు తగిలించవచ్చు, కానీ ఆ చిరునామాను ఇంకొకరికి పంపితే వాళ్లు మీ బుట్టలోకి వచ్చేస్తారు. కంప్యూటరుకున్న ఐపీ నంబరును బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చు, కానీ ఒక ఆఫీసులో వందమందికి బయటికి కనిపించేది ఒకే నంబరు కావచ్చు. ఫోను లైను మీద ఇంటర్నెట్ వాడే ఇంట్లో కనెక్షన్ కలిపిన ప్రతిసారీ నంబరు మారిపోవచ్చు. అన్నిటికంటే తేలికైన దారి, ప్రతి బ్రౌజరుకూ జీవితకాలం ఉండే ఒక సంఖ్య ఇచ్చేయడం. మోంటుల్లి దాన్ని కావాలనే పక్కన పెట్టారు. ఏ సైటుకు వెళ్లినా అదే సంఖ్య కనిపిస్తే, సైట్లన్నీ కూడబలుక్కుని ఒక మనిషి దారంతా గీయగలవని ఆయనకు ముందే తోచింది. ఈ సంగతి తర్వాత ఆయనే రాశారు. ఈ కథంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ నిర్ణయమే.

దాని బదులు ఆయన ఎంచుకున్న పద్ధతి గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది. టోకెను మీదున్న అంకెకు ఆ స్టాండులో తప్ప ఇంకెక్కడా అర్థం లేదు. పక్క గుడి స్టాండువాడికి చూపించినా అతనికేమీ తెలియదు. అలాగే, మీరు మొదటిసారి ఒక సైటుకు వెళ్లినప్పుడు సర్వరు పేజీతోపాటు ఒక చిన్న చీటీ పంపుతుంది. బ్రౌజరు దాన్ని దాచుకుని, మళ్లీ ఆ సైటును ఏది అడిగినా చీటీని జతచేసి పంపుతుంది. ఆ చీటీ ఇచ్చిన సైటుకే తిరిగి వెళ్లాలి, ఇంకే సైటుకూ వెళ్లకూడదు. ఇదీ నియమం. సహోద్యోగి జాన్ జియానాండ్రియాతో కలిసి మోంటుల్లి రాసిన తొలి వివరణ ప్రకారం బ్రౌజరు దాచాల్సిన చీటీ పరిమాణం 4 కిలోబైట్లు, ఒక సైటుకు 20 చీటీలు, మొత్తం మీద 300. మనం కుకీ అని పిలిచేది ఈ చీటీనే. అదొక ప్రోగ్రాము కాదు, దానంతట అది ఏ పనీ చేయలేదు. కొన్ని అక్షరాలు, ఒక గడువు తేదీ, ఇచ్చిన సైటు పేరు వంటి కొద్దిపాటి వివరాలే అందులో ఉంటాయి.

1994 అక్టోబరు 13న విడుదలైన నెట్‌స్కేప్ తొలి పరీక్షా కూర్పులోనే కుకీలు ఉన్నాయి. వచ్చినవాళ్లు కొత్తవాళ్లా, ఇదివరకు వచ్చినవాళ్లా అని చూడటానికి నెట్‌స్కేప్ తన సొంత సైటులోనే వాటిని మొదట వాడింది. ఈరోజు రైలు టికెట్టు తీసుకున్నా, తిరుమల దర్శనం బుక్ చేసుకున్నా, బ్యాంకు ఖాతా చూసుకున్నా, పేజీ మారిన ప్రతిసారీ పాస్‌వర్డు అడగకపోవడానికి మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

సరిగ్గా రెండు వారాల తర్వాత, అక్టోబరు 27న, హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో పేజీ పైభాగాన ఏటీ అండ్ టీ కంపెనీ అడ్డపట్టీ ప్రకటన వెలిసింది.  వెబ్ ప్రకటనల చరిత్రను అక్కడినుంచే లెక్కపెడతారు. అప్పటికి ప్రకటనదారుకు ఎంతమంది చూశారో, ఎంతమంది నొక్కారో మాత్రమే తెలిసేది. చూసిన మనిషి ఎవరో, నిన్న ఏ సైటులో ఏం చదివాడో తెలిసే వీలు లేదు. చీటీ, ప్రకటన అప్పటికి వేరువేరు దారుల్లో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపింది ఒక బొమ్మ.

వెబ్ పేజీ ఒకే ముక్కగా రాదు. అక్షరాలు ఒక సర్వరు నుంచి, బొమ్మలు ఇంకో సర్వరు నుంచి రావచ్చు. ఒక వార్తా సైటులో ప్రకటన బొమ్మ ప్రకటనల కంపెనీ సర్వరు నుంచి వస్తుందనుకుందాం. ఆ బొమ్మతోపాటు ఆ కంపెనీ తన చీటీ కూడా పంపుతుంది. బ్రౌజరు నియమం ప్రకారమే దాన్ని దాస్తుంది. గంట తర్వాత మీరు చెప్పుల దుకాణం సైటుకు వెళ్తారు. అక్కడి బొమ్మా అదే కంపెనీది. బ్రౌజరు చీటీని దాని యజమానికే పంపుతుంది, అదీ నియమం ప్రకారమే. ఏ పేజీ నుంచి అడుగుతున్నదో కూడా అభ్యర్థనలోనే చెప్తుంది. ఆ వార్త చదివిన మనిషే ఈ చెప్పులు చూశాడని కంపెనీకి తెలిసిపోయింది. ఆ కంపెనీ బొమ్మలు వేల సైట్లలో ఉంటే, మోంటుల్లి ఏ సంఖ్యను ఇవ్వకూడదనుకున్నారో అదే సంఖ్య ఇంకో వాకిట్లోంచి లోపలికి వచ్చింది. నియమంలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు. డబుల్‌క్లిక్ అనే కంపెనీ ఈ పద్ధతి మీదే పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఇలా పేజీ యజమాని కాక మరొకరు ఇచ్చే చీటీని థర్డ్ పార్టీ కుకీ అంటున్నాం.

ఇదంతా మామూలు జనానికి తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది. 1996 ఫిబ్రవరి 12న ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక కుకీల గురించి రాశాకే పెద్దగా చర్చ మొదలైంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ కోసం డేవిడ్ క్రిస్టోల్, మోంటుల్లి కలిసి రాసిన పత్రం 1997 ఫిబ్రవరిలో వెలువడింది. థర్డ్ పార్టీ కుకీలను అసలు అనుమతించకూడదనీ, అనుమతించినా వాడేవాళ్లు కోరితే తప్ప అవి పనిచేయకూడదనీ ఆ పత్రం స్పష్టంగా చెప్పింది. నెట్‌స్కేప్ కానీ, మైక్రోసాఫ్ట్ కానీ పాటించలేదు.

నెట్‌స్కేప్ వాటినెందుకు మూసేయలేదో చెబుతూ మోంటుల్లి ఇచ్చుకున్న వివరణను నేను తేలిగ్గా కొట్టిపారేయను. కుకీని మూసేస్తే ప్రకటనల కంపెనీలు కంటికి కనిపించని ఇంకో దారి వెతుక్కుంటాయి, కుకీనైతే వాడేవాళ్లు చూడగలరు, చెరిపేయగలరు అన్నది ఆయన వాదన. అందులో నిజముంది. తెర కొలత, ఫాంట్ల జాబితా వంటివి పోగేసి బ్రౌజరును గుర్తుపట్టే పద్ధతులు తర్వాత వచ్చాయి కూడా. కానీ చెరిపే మీట సెట్టింగుల లోపల ఎక్కడో ఉంది, అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ. ఎవరూ ముట్టుకోకపోతే ఏది జరుగుతుందో, కోట్లాదిమందికి అదే జరుగుతుంది. 1997లో ఆ మొదటి అమరిక ఇంకోలా ఉండి ఉంటే వెబ్ వ్యాపారం ఇంకోలా పెరిగేదని నా గట్టి నమ్మకం. ప్రకటనలు అప్పుడూ ఉండేవి. మనిషిని వెంబడించే బదులు పేజీలోని విషయాన్ని బట్టి వచ్చేవి.

1999లో డబుల్‌క్లిక్, అబాకస్ డైరెక్ట్ అనే సంస్థను కొన్నది. పోస్టులో కేటలాగులు తెప్పించుకుని కొనేవాళ్ల పేర్లు, చిరునామాలు అబాకస్ దగ్గరున్నాయి. పేరులేని చీటీలకు అసలు పేర్లు జతచేస్తారని అమెరికాలో గొడవ రేగింది. 2000 మార్చిలో కంపెనీ ఆ ఆలోచనను విరమించుకుంది. చివరికి డబుల్‌క్లిక్‌నే గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొంది. 2007లో ప్రకటించిన ఆ కొనుగోలు 2008 మార్చిలో పూర్తయింది.

ఇప్పుడు మన చిన్న దుకాణాల దగ్గరికి రావాలి. చీరాలలోనో పోచంపల్లిలోనో చేనేత చీరలమ్మే దుకాణం వెబ్‌సైటు కట్టించుకుందనుకుందాం. సైటు కట్టే డిజైనరు చాలాసార్లు పేజీలో రెండు ముక్కలు అతికిస్తాడు. ఒకటి 2005లో మొదలైన గూగుల్ అనలిటిక్స్. ఎంతమంది వచ్చారు, ఏ పేజీ దగ్గర వెనుదిరిగారు అని అది లెక్క చెబుతుంది. అది పెట్టే ముఖ్యమైన కుకీ గడువు మామూలుగా రెండేళ్లు. రెండోది మెటా పిక్సెల్. సైటులో ఒక చీర చూసి కొనకుండా వెళ్లినవాళ్లకు అదే చీరను ఫేస్‌బుక్‌లో మళ్లీ చూపించడానికి అది పనికొస్తుంది. అమ్మకం పెరగాలని కోరుకునే దుకాణదారును నేను తప్పుపట్టను. నా బాధల్లా ఆ రెండో ముక్క బదులుగా ఏం తీసుకుంటుందో అతనికి ఎవరూ చెప్పకపోవడమే. ఫలానా మనిషికి చేనేత చీరల మీద మనసుందన్న సంగతి ప్రకటనల కంపెనీ లెక్కల్లోకి చేరుతుంది. ఆ లెక్కల సాయంతో ప్రకటనలు కొనేది ఈ దుకాణం ఒక్కటే కాదు, మరమగ్గం చీరను తక్కువ ధరకు అమ్మే పోటీదారు కూడా. దుకాణదారు ఏళ్ల తరబడి సంపాదించుకున్న ఖాతాదారుల అభిరుచిని పైసా తీసుకోకుండా అప్పగిస్తున్నాడు. బుట్టను గుర్తుంచుకోవడానికీ, వచ్చినవాళ్లను లెక్కపెట్టుకోవడానికీ దుకాణం సొంత చీటీ చాలు. ఎంసీఐ అడిగింది కూడా అంతవరకే. సైటు కట్టిస్తున్న ప్రతి వ్యాపారీ పేజీలో ఏయే బయటి ముక్కలున్నాయి, ఏది ఎందుకు అని డిజైనరును రాతపూర్వకంగా అడగాలి.

ఈ చీటీకి ఇంకో బలహీనత ఉంది. లాగిన్ చీటీ ఎవరి చేతిలో ఉంటే సర్వరు వాళ్లనే మీరనుకుంటుంది. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న ఉపకరణాన్ని విడుదల చేశారు. తాళంలేని వైఫై ఉన్న చోట కూర్చుని పక్కవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క నొక్కుతో దూరవచ్చని దాంతో అందరికీ తెలిసింది. పెద్ద సైట్లు లాగిన్ పేజీకే కాక అన్ని పేజీలకూ, సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ తొడుగు వేయడానికి అది గట్టి ప్రేరణ అయింది.

మళ్లీ థర్డ్ పార్టీ కుకీల దగ్గరికి వస్తే, బ్రౌజర్లలో ఆపిల్ సఫారీ మొదటినుంచీ కొంత కఠినంగానే ఉండి, 2020 మార్చికల్లా వాటిని పూర్తిగా ఆపేసింది. 2019 సెప్టెంబరు నుంచి ఫైర్‌ఫాక్స్ వెంబడించే కుకీలను దానంతటదే అడ్డుకుంటోంది. అందరికంటే ఎక్కువమంది వాడే క్రోమ్ మాత్రం గూగుల్‌ది. ప్రకటనల మీద బతికే కంపెనీ అది. రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించి, పలుమార్లు గడువు పెంచి, 2024 జనవరిలో నూటికి ఒకరికి ఆపి చూసి, అదే ఏడు జులైలో ఆలోచన మార్చుకుంది. అలా ఆపితే సొంత సమాచారం దండిగా ఉన్న గూగుల్ బలమే ఇంకా పెరుగుతుందని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఆందోళన చెందింది. అది న్యాయమైన ఆందోళనే. కానీ ముందునుంచే మూసి ఉండాల్సిన తలుపును ముప్పై ఏళ్ల తర్వాత మూయబోతే ఇలాంటి చిక్కులే వస్తాయి.

ఐరోపా చట్టం దారి పట్టింది. కుకీలకు వాడేవాళ్ల అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2009 చట్ట సవరణతో వచ్చింది, 2018 మేలో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం దాన్ని బిగించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదని 2019 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, కాదనడానికి పలు నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పద్దెనిమిదేళ్ల లోపువారిని వెంబడించి వాళ్లకు గురిపెట్టే ప్రకటనలు చూపడాన్ని చట్టం నిషేధించింది. అనుమతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంది. అనుమతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలని కూడా చెప్పింది. అందులో తెలుగు ఉంది. చీరాల దుకాణం సైటులో ఆ నోటీసు తెలుగులో రాయాల్సిన డిజైనరు, తాను అతికించిన ప్రతి ముక్కా ఏం తీసుకుంటుందో ముందు తాను తెలుసుకోవాలి. ఆపైన చీర కొనడానికి వచ్చిన ఆవిడకు అర్థమయ్యే మాటల్లో అది చెప్పాలి.