శిరోగాయానికి ఔషధాన్వేషణ

కొబ్బరికాయకు టెంక ఎటువంటిదో మెదడుకు కపాలం అటువంటిది. లోపలి మెత్తదనాన్ని కాపాడుటకై ఏర్పడిన ఆ గట్టిదనమే దెబ్బ తగిలిన తరువాత శత్రువుగా మారుతుంది. కాలు బెణికితే వాచుటకు చోటున్నది. మెదడు వాచుటకు చోటు లేదు. కపాలంలో ఉన్నవి మూడే: మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే ద్రవం. ఒకటి పెరిగినదా, తక్కినవి ఒదిగి తీరవలె. ఈ సూక్ష్మాన్ని మొదట సూచించినవాడు స్కాట్లండు దేశీయుడైన మన్రో. అది 1783వ సంవత్సరం. అందుచేత తలకు దెబ్బ తగిలినవాని కథ ఆ దెబ్బతో ముగియదు. అంతవరకు మాట్లాడుతూ ఉన్నవాడు కొన్ని గంటలకు స్పృహ తప్పవచ్చును. లోపల రక్తం కారుతుంది, వాపు పెరుగుతుంది, ఒత్తిడి హెచ్చి రక్తప్రసారం కుంటుపడుతుంది. మొదటి దెబ్బను వైద్యుడు వెనుకకు మరల్పలేడు. ఈ రెండవ దెబ్బను ఆపగల మందు ఏదైనా ఉన్నదా అన్నదే ఆయన ప్రశ్న.

సమాధానం దొరికినదని వైద్యలోకం చాలకాలం నమ్మినది. 1961లో అమెరికాలోని మినెసోటాలో, మెదడులో కంతి ఉన్న రోగులకు స్టెరాయిడ్ ఇచ్చి చూడగా కంతి చుట్టూ ఉన్న వాపు ఆశ్చర్యకరంగా తగ్గినది. కంతి వలన వచ్చిన వాపు తగ్గినప్పుడు దెబ్బ వలన వచ్చిన వాపు మాత్రం ఏల తగ్గదు? తర్కం నిర్దుష్టంగా కనిపించినది. తరువాత దశాబ్దాల తరబడి అనేక దేశాలలో శిరోగాయం తగిలినవారికి స్టెరాయిడ్లు ఇస్తూ వచ్చినారు. బ్రతికినవాడు మందు వలన బ్రతికినాడు. పోయినవాడు గాయం వలన పోయినాడు. ఇట్టి లెక్కలో మందు ఎన్నడూ ఓడిపోదు!

పరీక్షలు జరుగకపోలేదు, కాని అవి చిన్నవి. వాని ఫలితాలన్నీ కూడి చూచినా మేలో కీడో తేలలేదు. అప్పుడు లండన్‌కు చెందిన ఇయాన్ రాబర్ట్స్, ఆయన సహచరులు 'క్రాష్' అను పేరుతో ఒక మహాపరీక్షకు పూనుకొన్నారు. చీట్లు వేసినట్లుగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్టెరాయిడ్, రెండవ జట్టుకు చూపులకు అటువంటిదే అయిన ఉత్త ద్రవం ఎక్కించినారు. ఎవరికి ఏది అందుచున్నదో రోగికే కాదు, వైద్యునికీ తెలియదు. ఇందులో ధర్మసంకటం లేకపోలేదు. స్పృహ లేనివాడు సమ్మతి ఎట్లా తెలుపుతాడు? మేలు చేయునని పలువురు నమ్మిన మందును సగంమందికి ఇవ్వకుండుట న్యాయమా? 'మేలు చేయునని నమ్ముచున్నాము' అనుటకు, 'మేలు చేయునని ఎరుగుదుము' అనుటకు నడుమ ఎంత దూరమున్నదో తరువాతి అంకెలు చూపినవి.

20,000 మందిని చేర్చుకొనవలెనని సంకల్పం. కాని 10,008 మంది చేరిన తరువాత, 2004 మే నెలలో పరీక్షను నడిమధ్య ఆపివేసినారు. రెండు వారాలలో మరణించినవారు స్టెరాయిడ్ పొందిన జట్టులో 1,052 మంది, పొందని జట్టులో 893 మంది. అనగా నూటికి 21.1, నూటికి 17.9. తేడా నూటికి మూడుకు కొంచెం పైన. చిన్న అంకె అనిపించవచ్చును. ఏ పాఠశాల విద్యార్థియైనా దీనిని లక్షకు హెచ్చవేసి చూడవచ్చు: మూడువేలకు పైబడిన ప్రాణాలు. అన్ని దేశాలలో, అన్ని ఏండ్లలో ఆ మందు పొందినవారు ఎందరో! ఇచ్చినవారు నిర్లక్ష్యపరులు కారు, శక్తివంచన లేకుండా పాటుపడినవారే. ఆ తలంపే మరింత బాధ కలిగిస్తుంది.

స్టెరాయిడ్‌తోపాటు తక్కిన ఆశలు కూడ కొన్ని వమ్మయినవి. మగ ఎలుకల కంటె ఆడ ఎలుకలు మెదడు గాయాల నుండి త్వరగా కోలుకొనుచున్నవని గమనించి అమెరికాలో డొనాల్డ్ స్టైన్ ప్రొజెస్టిరోన్ అను స్త్రీ హార్మోనుపై ఏండ్ల తరబడి శ్రమించినాడు. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలలోను మనుష్యులకు దాని వలన ప్రయోజనం కనిపించలేదు. ఎలుకకు, మనిషికి నడుమనున్న ఆ అగాధంలో ఎన్ని మందులు పడిపోయినవో!

ఇంతలో ఒక పాత మందు వెలుగులోకి వచ్చినది. యుద్ధానంతర జపానులో ఉతాకో ఒకమోతో అను వైద్యురాలు, ఆమె భర్త షోసుకే రక్తస్రావాన్ని గూర్చి పరిశోధించినారు. రక్తమునే ఏల ఎన్నుకొన్నారనగా, చాలకపోతే తమ రక్తమే తీసికొనవచ్చును గదా అని ఆమె తరువాత చెప్పినది. బిడ్డను వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసిన తల్లి ఆమె. ఆ దంపతులు 1962లో ప్రకటించిన మందే ట్రానెక్సామిక్ ఆమ్లం. గడ్డకట్టిన రక్తాన్ని కరగించే ప్రక్రియను అది అడ్డుతుంది. మరి అర్ధశతాబ్దానికి గాని దాని విలువ లోకానికి పూర్తిగా తెలియలేదు. 20,211 మంది క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన రెండవ 'క్రాష్' పరీక్ష, గాయాల వలన రక్తం కోల్పోవువారి మరణాలను అది తగ్గించునని రుజువు చేసినది. ఉతాకో 2016లో, 98వ యేట కన్నుమూసినది.

శిరోగాయం సంగతి 2019లో మూడవ 'క్రాష్' పరీక్ష తేల్చినది. తేల్చినది అనుట కొంత అతిశయోక్తియే. మూడు గంటలలోపల చికిత్స పొందిన 9,202 మందిలో శిరోగాయం వలన మరణించినవారు మందు పొందిన జట్టులో నూటికి 18.5, పొందని జట్టులో 19.8. ఈ పాటి తేడా కాకతాళీయం కూడ కావచ్చును. కాని స్వల్ప, మధ్యమ గాయాల వారిని విడిగా చూడగా 7.5కు బదులు 5.8 మాత్రమే. తీవ్రగాయాల వారికి లాభం కనబడలేదు. అపాయకరమైన దుష్ఫలితాలూ పెరుగలేదు. స్టెరాయిడ్ చేసిన గాయం ఇంకను మానని వైద్యలోకం దీనిని పొంగిపోక, త్రోసివేయక స్వీకరించినది.

కాలం ఇక్కడ ముఖ్యం. ఆలస్యమైన ప్రతి నిమిషమూ మందు బలాన్ని హరిస్తుంది. రోగి ఆసుపత్రికి చేరి, నరం దొరికి, మందు ఎక్కునంతలో లోపల రక్తం కారుతూనే ఉంటుంది. అందుచేత 2021లో ఇంగ్లండులో నాలుగవ పరీక్ష ఆరంభమైనది. ఇది కాలు జారి పడినవారు మొదలైన వయసు మీరినవారిలో స్వల్పమని తోచే శిరోగాయాలకు సంబంధించినది. మందు అదే, నరములోనికి గాక కండలోనికి సూదితో ఎక్కిస్తారు. అది సాధ్యమైతే ఆంబులెన్సులో వచ్చిన సహాయకుడే, రోగి ఇంటి గుమ్మంలోనే, ఆ సూది వేయవచ్చును.